సొంత కొవ్వే కదా, రిస్క్ ఏముంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ రాస్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. చిన్నబాబు పాలు మానేసి ఎనిమిది నెలలైంది. రొమ్ములు చిన్నవైపోయాయి, కాస్త జారాయి కూడా. ఇంప్లాంట్ (రొమ్ములో పెట్టే సిలికాన్ సంచి) అంటే భయం. ఒక క్లినిక్‌లో పొట్ట, తొడల నుంచి కొవ్వు తీసి రొమ్ముల్లో పెడతామని (దీన్నే ఫ్యాట్ ట్రాన్స్‌ఫర్ అంటారు), "మీ ఒంట్లోదే కాబట్టి రిస్కే లేదు" అని చెప్పారు. మీ పిన్నికి, అంటే అమ్మ చెల్లెలికి, 42 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ సంగతి క్లినిక్‌లో వాళ్లు అడగలేదు, మీరూ చెప్పలేదు. చేయించుకోవచ్చా, ఇంప్లాంట్ కంటే ఇది మేలా అన్నది మీ ప్రశ్న.

నేను ఈ సర్జరీ చేసే డాక్టర్‌ను కాదు. మమోగ్రామ్‌లు (రొమ్ము ఎక్స్‌రేలు), అల్ట్రాసౌండ్‌లు చూసి రిపోర్ట్ రాసే రేడియాలజిస్ట్‌ను. ఫ్యాట్ ట్రాన్స్‌ఫర్ చేయించుకుని హాయిగా ఉన్నవాళ్లు నా దగ్గరికి రారు. రెండేళ్ల తర్వాత స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలి, రాత్రంతా నిద్రపట్టనివాళ్లు వస్తారు. అందుకని నా చూపు కొంచెం ఒకవైపుకు మొగ్గి ఉంటుంది. ఆ లెక్క మనసులో పెట్టుకునే చదవండి.

ముందుగా నా అభిప్రాయం. మంచి చేతుల్లో, సరైన మనిషికి చేస్తే ఇది ప్రాణాంతకమైన సర్జరీ ఏమీ కాదు. కానీ దీని రిస్క్ ఎక్కువగా ఆపరేషన్ రోజున ఉండదు, ఆ తర్వాతి ఏళ్లలో ఉంటుంది. మీ విషయంలోనైతే పిన్ని సంగతి తేలేదాకా తేదీ తీసుకోవద్దనే చెబుతాను.

"సొంత కొవ్వు" అన్న మాట నిజమే. శరీరం దాన్ని పరాయిదిగా చూసి తిప్పికొట్టదు. అయితే తిప్పికొట్టకపోవడం వేరు, బతకడం వేరు. లైపోసక్షన్‌తో, అంటే గొట్టంతో పీల్చి, లాగిన కొవ్వుకు రక్తనాళాలు తెగిపోయి ఉంటాయి. కొత్త చోట పెట్టాక మొదటి కొన్ని రోజులు చుట్టుపక్కల కణజాలం నుంచి ఊరే ద్రవంలోని ఆక్సిజన్‌తోనే అది నెట్టుకురావాలి. తర్వాతే సన్నటి రక్తనాళాలు దానిలోకి పెరుగుతాయి. ఈ ఊరే ఆక్సిజన్ ఎంతో లోతుకు పోదు. కొవ్వు ముద్దలో బయటి అంచు నుంచి సుమారు 0.3 మిల్లీమీటర్ల వరకు ఉన్న కణాలే నేరుగా బతుకుతాయని ప్రయోగాల్లో తేలింది. దాని లోపలి పొరలో పాత కణాలు చాలావరకు చనిపోతాయి, అక్కడున్న మూలకణాలు కొత్తవాటిని పుట్టిస్తాయి. ఇంకా నడిమధ్యలో ఉన్నది చచ్చిపోతుంది, అంతే.

అందుకే సర్జన్లు సన్నటి, మొద్దు మొన ఉన్న గొట్టంతో, వెనక్కి లాగుతూ, సన్నటి గీతల్లా కొవ్వు వదులుతారు. చర్మం కింద కొంత, పాలగ్రంథి వెనుక కొంత, ఛాతీ కండరం దగ్గర కొంత. నారు నాటడం లాంటిదే ఇది: మొక్కకూ మొక్కకూ మధ్య చోటుంటేనే వేరు పడుతుంది, కట్టలు కట్టలుగా గుచ్చితే కుళ్లిపోతుంది. ఒకేచోట పెద్ద ముద్దగా కొవ్వు కూరితే నడుమ ఉన్నదంతా పోతుంది. బిగుతుగా ఉన్న రొమ్ములో పట్టనంత నింపినా లోపల ఒత్తిడి పెరిగి, రక్తం అందక అదే జరుగుతుంది.

పెట్టినదాంట్లో ఎంత నిలుస్తుందని అడిగితే సాధారణంగా సగం నుంచి 70 శాతం అంటారు. అంతకంటే బాగా తగ్గినవాళ్లూ ఉన్నారు, ఎక్కువ నిలిచినవాళ్లూ ఉన్నారు. ముందే కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. మొదటి నెలలో అద్దంలో కనిపించేదాంట్లో వాపు కూడా ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకండి. మూడు నుంచి ఆరు నెలలకు మిగిలిందే అసలు సైజు. ఒక్కసారి చేయించుకుంటే మామూలుగా ఒక కప్ సైజ్ వరకు పెరుగుతుంది. అంతకుమించి కావాలంటే కొన్ని నెలల ఎడంతో మళ్లీ చేయించుకోవాలి. "ఒకే సిట్టింగ్‌లో రెండు కప్పులు పెంచుతాం" అన్నారంటే, చచ్చే కొవ్వు కూడా ఎక్కువ పెడతామని చెప్పినట్టే. నేను చూసే గడ్డల్లో చాలావాటి కథ అక్కడే మొదలవుతుంది.

చచ్చిన కొవ్వు ఏమవుతుంది? కొంత శరీరమే పీల్చేసుకుంటుంది. అలా పోనిది కరిగి నూనెలా మారి, చుట్టూ పల్చటి పొర కట్టుకుని తిత్తిలా నిలుస్తుంది. దాన్ని ఆయిల్ సిస్ట్ అంటాం. కొన్నిచోట్ల గట్టిపడి మచ్చలాంటి ముద్ద అవుతుంది, అది ఫ్యాట్ నెక్రోసిస్. వీటి అంచుల్లో ఏడాదికో, రెండేళ్లకో, ఇంకా ఆలస్యంగానో కాల్షియం పేరుకుంటుంది. ఇవేవీ క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారవు కూడా. ఆయిల్ సిస్ట్ పెద్దదై నొప్పెడితే సూదితో లాగేయొచ్చు. చిన్నవైతే వదిలేస్తాం.

మరి గొడవ ఎక్కడ? కొన్ని చూడగానే తెలిసిపోతాయి. మమోగ్రామ్‌లో నల్లటి గుండ్రటి తిత్తి, చుట్టూ గుడ్డుపెంకులా తెల్లటి గీత కనిపిస్తే అది ఆయిల్ సిస్టే. నిరపాయం అని రాసేసి పంపిస్తాం. కానీ ఫ్యాట్ నెక్రోసిస్ అన్నిసార్లూ అంత మర్యాదగా కనిపించదు. కొన్నిసార్లు అంచులు ముళ్లముళ్లుగా, చుట్టుపక్కల కణజాలాన్ని లోపలికి లాగినట్టు ఉంటుంది. కొన్నిసార్లు సన్నటి కాల్షియం చుక్కలు గుంపుగా ఉంటాయి. ఈ రెండూ రొమ్ము క్యాన్సర్‌కూ గుర్తులే. అప్పుడు ఊహ మీద నమ్మకం పెట్టుకుని "ఏం కాదులెండి" అని రాసే హక్కు నాకు లేదు.

ఈ భయం కొత్తదేం కాదు. 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం రొమ్ములోకి కొవ్వు ఎక్కించొద్దని చెప్పింది సరిగ్గా ఈ కారణంతోనే. కాల్షియం చుక్కల వల్ల క్యాన్సర్‌ను కనిపెట్టడం కష్టమవుతుందన్నది వాళ్ల ఆందోళన. తర్వాత మమోగ్రామ్ నాణ్యత పెరిగింది. రొమ్ము సైజు తగ్గించే సర్జరీ తర్వాత కూడా ఇలాంటి చుక్కలే వస్తాయి, దాన్నెవరూ ఆపమనలేదు కదా అన్న వాదనా వచ్చింది. 2009లో అదే సంఘం తన పట్టు సడలించింది, రోగిని జాగ్రత్తగా ఎంచుకుని చేయొచ్చని చెప్పింది. అంటే ఇది నిషిద్ధం కాదు. అలాగని ఆ పాత ఆందోళన పూర్తిగా పోలేదు, దాన్ని సంభాళించడం నేర్చుకున్నామంతే.

సంభాళించడం అంటే మీ వైపు నుంచి ఏం జరుగుతుందో చెబుతాను. మా రిపోర్టుల్లో బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 2 అంటే నిరపాయం. 3 అంటే దాదాపు నిరపాయమే, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లోపు, ఆరు నెలలకు మళ్లీ చూద్దాం అని. 4 అంటే బయాప్సీ చేయాలి. ఫ్యాట్ ట్రాన్స్‌ఫర్ తర్వాత 3 రావడం అరుదేమీ కాదు. వైద్యపరంగా అది చిన్న విషయం. ఆ ఆరు నెలలూ మనిషి పడే టెన్షన్ మాత్రం ఏ రిపోర్టులోనూ ఉండదు. ముఖ్యంగా ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వచ్చి ఉంటే, ప్రతి గడ్డా పిన్నినే గుర్తు చేస్తుంది. ఈ టెన్షన్‌ను కూడా రిస్కుల్లో లెక్కేసుకోండి. 4 వస్తే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాం. చాలాసార్లు ఫ్యాట్ నెక్రోసిస్ అనే వస్తుంది, కానీ ఫలితం వచ్చేదాకా ఆ రోజులు గడవవు.

ఇప్పుడు అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. ఇది క్యాన్సర్ తెస్తుందా? తెస్తుందని చూపే ఆధారం లేదు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఆకారం సరిచేయడానికి కొవ్వు ఎక్కించుకున్న స్త్రీలను గమనించిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. మొత్తంగా చూస్తే వాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం పెరిగినట్టు కనిపించలేదు. ప్రయోగశాలలో మాత్రం, కొవ్వులోని మూలకణాలు పక్కనే ఉన్న క్యాన్సర్ కణాలను ఉసిగొల్పడం చూశారు. గాజు పాత్రలో జరిగేది ఒంట్లోనూ జరగాలని లేదు. కానీ క్యాన్సర్‌కు దారితీసే జన్యుమార్పు ఉన్నవాళ్ల గురించి ఉన్న సమాచారం తక్కువ. అందుకే బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో మార్పు (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచేది) ఉన్నా, కుటుంబంలో బలమైన చరిత్ర ఉన్నా, కేవలం అందం కోసం చేసే ఫ్యాట్ ట్రాన్స్‌ఫర్‌కు చాలామంది సర్జన్లు వెనకాడతారు. వెనకాడాలి కూడా.

మీ పిన్నిది 42 ఏళ్ల వయసు. అది చిన్న వయసే. అమ్మ తరఫున ఇంకెవరికైనా రొమ్ము క్యాన్సర్ గానీ, అండాశయ క్యాన్సర్ గానీ వచ్చిందా అన్నది కనుక్కోండి. పిన్నికి జన్యు పరీక్ష చేశారా, అందులో ఏం వచ్చింది అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఇలాంటి పరీక్ష మొదట క్యాన్సర్ వచ్చినవారికే చేస్తే ఫలితానికి అర్థం స్పష్టంగా ఉంటుంది. అడగడానికి మొహమాటమైతే అమ్మ చేత అడిగించండి. ఈ సర్జరీ చేయించుకున్నా మానుకున్నా ఈ సంగతి మీకు తెలిసి ఉండాల్సిందే. మీ అమ్మాయికి కూడా రేపు ఇది పనికొస్తుంది.

ఆపరేషన్ రోజు రిస్కుల సంగతికి వస్తే, విచిత్రంగా అవి రొమ్ము వైపు కంటే కొవ్వు తీసే వైపే ఎక్కువ. లైపోసక్షన్ అంటే పైపైన జరిగే పనిలా కనిపిస్తుంది గానీ, ఒళ్లంతా చాలాచోట్ల లోపల గాయం చేయడమే. రక్తం గడ్డకట్టి కాళ్ల నుంచి ఊపిరితిత్తులకు చేరడం అరుదే, కానీ భయపడాల్సింది దానికే. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే, బరువు ఎక్కువగా ఉంటే, ఇంతకుముందు ఎప్పుడైనా గడ్డకట్టి ఉంటే తప్పకుండా చెప్పాలి. కొవ్వు తీసేముందు అక్కడికి ఎక్కించే ద్రవంలో లిడోకెయిన్ అనే మత్తుమందు ఉంటుంది. శరీర బరువులో కిలోకు 35 మిల్లీగ్రాములు దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. దీనిలో ఒక తిరకాసు ఉంది. ఆ మందు రక్తంలో పతాకస్థాయికి చేరేది చాలా గంటల తర్వాత, అంటే మీరు ఇంటికెళ్లిపోయాక. పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో గుయ్యిమనడం, మాట తడబడటం, విపరీతమైన మగత కనిపిస్తే "మత్తు ఇంకా దిగలేదేమో" అనుకుని పడుకోబెట్టకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పిరుదులకు కొవ్వు ఎక్కించుకుని చనిపోయినవాళ్ల వార్తలు చదివి కొందరు దీనికీ అదే భయం పడతారు. అది వేరు. అక్కడ కండరం లోతుల్లో పెద్ద సిరలుంటాయి. కొవ్వు వాటిలోకి దూరి గుండెకు, ఊపిరితిత్తులకు చేరింది. 2017లో వచ్చిన ఒక సర్వే అంచనా ప్రకారం ఆ సర్జరీలో సుమారు 3,000 మందికి ఒకరు చనిపోయారు. రొమ్ములో అంత పెద్ద సిరలు దారిలో ఉండవు కాబట్టి ఆ అంకెను ఇక్కడికి మోసుకురావడం సరికాదు. కొవ్వు ఇలా రక్తంలోకి దూరడం (ఫ్యాట్ ఎంబాలిజం) ఇక్కడ అసలు జరగదని కాదు, బాగా అరుదు. రొమ్ము వైపు ఇంకో అరుదైన ప్రమాదం, గొట్టం గానీ సూది గానీ పక్కటెముకల మధ్య నుంచి లోపలికి దిగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. సన్నగా, ఛాతీ మీద కండ తక్కువగా ఉన్నవాళ్లలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇన్‌ఫెక్షన్ గురించి ఒక్కటే చెబుతాను, ఎందుకంటే మామూలు ఇన్‌ఫెక్షన్‌ను ఎవరైనా గుర్తుపడతారు. పరికరాలను సరిగా శుభ్రం చేయని చోట క్షయ క్రిమి కుటుంబానికే చెందిన వేరే రకం మైకోబ్యాక్టీరియా సోకుతుంది. ఇది ఆపరేషన్ అయిన వారానికి కాదు, చాలా వారాల తర్వాత తీరిగ్గా బయటపడుతుంది. కుట్ల దగ్గరో, కొవ్వు తీసినచోటో ఎర్రటి గడ్డలు వస్తాయి, చీము కారుతూనే ఉంటుంది, మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగదు. క్రిమిని పెంచి చూసే మామూలు కల్చర్ పరీక్షలో దొరక్కపోవచ్చు, దీని కోసమే ప్రత్యేకంగా అడగాలి. నయం కావడానికి నెలల తరబడి మందులు వాడాలి. చవకగా వస్తుందని వేరే దేశానికి వెళ్లి చేయించుకుని తిరిగొచ్చినవాళ్లలో ఇలాంటివి గుంపులుగా బయటపడ్డ సందర్భాలున్నాయి. ఆపరేషన్ థియేటర్ ఎలా ఉందో చూడకుండా ఫొటోలు చూసి చోటు ఎంచుకోవద్దనేది అందుకే.

ఇక ఆకారం. మీరు "జారాయి" అని రాశారు. కొవ్వు నింపితే పైభాగం కాస్త నిండుతుంది గానీ, జారినది పైకి లేవదు. దానికి లిఫ్ట్ సర్జరీ వేరే ఉంది. క్లినిక్‌లో ఈ మాట చెప్పారా? చెప్పకపోతే మీరు ఆశించేదీ వాళ్లు చేసేదీ ఒకటి కాదు. రెండు వైపులా ఒకేలా నిలవకపోవచ్చు. కొవ్వు తీసిన పొట్ట, తొడల మీద గుంటలు, ఎగుడుదిగుళ్లు మిగలొచ్చు. బరువు తగ్గితే ఆ కొవ్వూ తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది, అది పొట్ట కొవ్వు స్వభావాన్ని వదులుకోదు మరి. ఇంకా బరువు తగ్గే ఆలోచన ఉంటే ముందు తగ్గి, నిలకడగా ఉన్నాకే దీని గురించి ఆలోచించండి. సిగరెట్ అలవాటు ఉంటే ముందూ వెనుకా కనీసం నాలుగు వారాలు మానాలి, నికోటిన్ సన్న రక్తనాళాలను బిగించేస్తుంది.

"మూలకణాలు కలిపి ఎక్కిస్తాం, మొత్తం నిలుస్తుంది" అని అదనంగా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. దానివల్ల మామూలు పద్ధతి కంటే నమ్మకంగా ఎక్కువ నిలుస్తుందని రుజువు కాలేదు. అలాగే కొవ్వుకు బదులు జెల్ ఇంజెక్షన్ అని ఎవరైనా అంటే అసలు వినొద్దు. రొమ్ముల్లోకి ఎక్కించిన పాలీయాక్రిలమైడ్ జెల్‌తో ఎంతోమంది చిక్కుల్లో పడ్డాక చైనా 2006లో దాన్ని నిషేధించింది. ఆ జెల్‌ను పూర్తిగా బయటికి తీయడం కూడా అయ్యే పని కాదు.

అన్నీ తెలుసుకుని చేయించుకోవాలనే నిర్ణయించుకుంటే, నా వైపు నుంచి మిమ్మల్ని బతిమాలేది ఒకటే: కాగితాలు. సర్జరీకి ముందే మీ వయసుకు, కుటుంబ చరిత్రకు తగ్గట్టు అల్ట్రాసౌండ్, అవసరమైతే మమోగ్రామ్ తీయించుకోండి. అందులో ఏదైనా అనుమానం ఉంటే అది తేలాకే సర్జరీ. తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఇంకోసారి తీయించుకోండి. అదే ఇకపై మీకు కొత్త "మామూలు", తర్వాతి స్కాన్‌లను దానితోనే పోల్చి చూస్తాం. సర్జన్ దగ్గర ఆపరేషన్ నోట్ కాపీ తీసుకోండి. ఏ వైపు ఎన్ని మిల్లీలీటర్లు, ఏ పొరల్లో పెట్టారు, గ్రంథిలోకి వెళ్లారా లేదా అన్నవి అందులో ఉండాలి. కొవ్వు పెట్టింది చర్మం కింద, గ్రంథి వెనుక అయితే, అక్కడే కనిపించే గడ్డను నేను ఒకలా చూస్తాను. కొవ్వు వెళ్లని చోట, గ్రంథి నడుమ కొత్తగా గడ్డ కనిపిస్తే ఇంకోలా చూస్తాను. ఆ ఒక్క కాగితం లేక అనవసరంగా బయాప్సీ దాకా వెళ్లినవాళ్లను చూశాను. కాగితం ఉన్నా సరే, కొత్త గడ్డ తగిలితే "ఆ కొవ్వేలే" అని మీకు మీరే తేల్చేసుకోకండి. నాకు నిజంగా భయం వేసేది అక్కడే. ఫ్యాట్ నెక్రోసిస్‌ను క్యాన్సర్ అనుకుంటే ఒక సూదిపోటుతో పోతుంది, క్యాన్సర్‌ను ఫ్యాట్ నెక్రోసిస్ అనుకుని ఏడాది ఊరుకుంటే అలా పోదు. ఎప్పుడు స్కాన్‌కు వెళ్లినా, అడగకపోయినా సరే, ఈ సర్జరీ జరిగిందని చెప్పండి. ఇంట్లోవాళ్ల ముందు చెప్పడం ఇష్టం లేకపోతే గదిలో మాకొక్కరికే చెప్పినా చాలు.

సర్జరీ అయిన మొదటి రోజుల్లో ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, మనిషి అయోమయంగా మాట్లాడటం, ఒంటి మీద సన్నటి ఎర్ర చుక్కలు రావడం, వీటిలో ఏది కనిపించినా క్లినిక్‌కు ఫోన్ చేసి కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. జ్వరం, రోజురోజుకూ పెరిగే ఎరుపు, ఒకవైపు ఒక్కసారిగా వాపు ఉంటే అదే రోజు సర్జన్‌కు చూపించాలి.

ఇంప్లాంట్ కంటే మేలా అన్నారు. ఇంప్లాంట్ చుట్టూ గట్టి పొర బిగుసుకోవడం, పగలడం, ఏళ్ల తర్వాత మార్చాల్సి రావడం, గరుకు ఉపరితలం ఉన్న రకాలతో ముడిపడిన అరుదైన లింఫోమా (ఒక రకం క్యాన్సర్), ఇవేవీ కొవ్వుతో ఉండవు. అందుకు బదులు సైజు మీద పట్టు ఉండదు, స్కాన్‌లో చిక్కుముళ్లు ఉంటాయి. మామూలుగా ఒక కప్ లోపు మార్పు చాలు అనుకునేవారికి, కుటుంబంలో బలమైన క్యాన్సర్ చరిత్ర లేనివారికి, స్కాన్‌లు మానకుండా చేయించుకునే ఓపిక ఉన్నవారికి కొవ్వు మంచి దారే. మీకు మొదటిది సరిపోవచ్చు, మూడోది మీకే తెలియాలి, రెండోది ఇంకా తేలలేదు. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే మాత్రం ఆ కాన్పు, పాలు మాన్పించడం అయ్యేదాకా ఆగండి. గ్రంథిలోకి వెళ్లకుండా పెడితే పాలకు సాధారణంగా అడ్డు ఉండదు గానీ, కాన్పుతో రొమ్ము ఆకారం మళ్లీ మారుతుంది, ఈ ఖర్చూ నొప్పీ వృథా. పిన్ని పరీక్షల సంగతి తెలిశాక మళ్లీ రాయండి. ఆ ఫలితాన్ని బట్టి మీకు ఏ వయసు నుంచి ఏ స్కాన్ అవసరమో చెబుతాను. అది ఈ సర్జరీతో సంబంధం లేకుండా కావాల్సిందే.